వీసమెత్తు బంగారానికి ఎంతటి డిటెక్టర్ కావాలి?

రెండు మిల్లీమీటర్ల వ్యాసమున్న బంగారు గుండు సుమారు 0.08 గ్రాములు తూగుతుంది. గురివింద గింజలతో బంగారం తూచిన రోజుల లెక్కలో అది సగం గింజ ఎత్తుకు కాస్త ఎక్కువ. గోటి సందులో దూరితే మళ్లీ కనిపించదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో డనోలీ, టార్నగల్లా, వెడ్డర్‌బర్న్ ఊళ్ల చుట్టూ ఉన్న పాత గని నేలల్లో సెలవు రోజున డిటెక్టర్ పట్టుకుని తిరిగేవారికి దొరికితే గిడితే దొరికేది చాలావరకు ఈ కొలతదే. సగం గింజ, ఒక గింజ, ఆ రోజు బాగుంటే నాలుగైదు గింజలు.

ప్రచార చిత్రాలు మాత్రం పిడికెడు బంగారు ముద్దలనే చూపిస్తాయి. 1980 సెప్టెంబరులో కింగవర్ దగ్గర కెవిన్ హిలియర్ డిటెక్టర్ సాయంతో తీసిన ‘హ్యాండ్ ఆఫ్ ఫెయిత్’ 27 కిలోల పైచిలుకు ఉంది. 2023లో విక్టోరియాలోనే ఒకరికి దొరికిన 4.6 కిలోల రాయిలో 2.6 కిలోల బంగారం తేలింది. దాని విలువ 2,40,000 ఆస్ట్రేలియా డాలర్లని, వాడిన డిటెక్టర్ సుమారు 1,200 డాలర్లదేనని పత్రికలు రాశాయి. ఇంకేం, చవక యంత్రం చాలన్నమాట అని తేల్చేయడం తేలిక. తేల్చిన మాట దాదాపు నిజమే గానీ, చూపిన రుజువు తప్పు. హిలియర్ ముద్ద అడుగు లోతులోనే ఉంది. అంత లోహం అంత పైపైన ఉంటే దాని మీదుగా వెళ్లిన ఏ డిటెక్టరైనా మోగి తీరుతుంది. పెద్ద బంగారం యంత్రానికి పరీక్ష కాదు. సగం గురివిందను వినగలదా లేదా అన్నదే పరీక్ష.

ఈ పరీక్షలో డిటెక్టర్ ధరకూ, చిన్న బంగారాన్ని పట్టే శక్తికీ మధ్య ఉన్న సంబంధం చాలామంది ఊహించుకునేంత సూటిగా ఉండదు. ఎనిమిది వేల డాలర్ల యంత్రం వదిలేసిన పలుకును పదిహేను వందల డాలర్ల యంత్రం పట్టుకోవడం వింతేమీ కాదు. ఎందుకంటే ఖరీదైన డిటెక్టర్‌కు పోసే డబ్బులో ఎక్కువ భాగం బంగారాన్ని వినడానికి కాదు, మట్టిని వినకుండా ఉండడానికి. ఆ ఒక్క సంగతి పట్టుబడితే కొనుగోలు సగం తేలికవుతుంది.

డిటెక్టర్ చేసే పని చూస్తే ఇది అర్థమవుతుంది. నేల మీద తిప్పే పళ్లెం లాంటి భాగంలో, అంటే కాయిల్‌లో, తీగ చుట్టలు ఉంటాయి. ఒక చుట్టలో అటూ ఇటూ మారే విద్యుత్తు ప్రవహించి అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రంలోకి లోహం వస్తే దాని ఒంట్లో చిన్న చిన్న సుడి ప్రవాహాలు తిరుగుతాయి. ఆ సుడులు తిరిగి తమ సొంత క్షేత్రాన్ని వెదజల్లుతాయి. రెండో చుట్ట వినేది దాన్నే. లోహపు ముక్క చిన్నదయ్యేకొద్దీ సుడి తిరగడానికి చోటు తక్కువ, తిరిగిన సుడి ఆరిపోవడం మరీ తొందర. రెండు మిల్లీమీటర్ల పలుకులో అది కొద్ది మైక్రోసెకన్లలో చల్లారుతుంది. కాబట్టి అలాంటి ముక్కను కదిలించాలంటే క్షేత్రం చాలా వేగంగా మారుతూ ఉండాలి. క్షేత్రం సెకనుకు ఎన్ని వేలసార్లు మారుతుందో చెప్పే కిలోహెర్ట్జ్ అంకె, అంటే ఫ్రీక్వెన్సీ గొడవంతా ఇందుకే.

నాణేలు, ఉంగరాలు వెతుక్కోవడానికి అమ్మే ప్రవేశ స్థాయి డిటెక్టర్లు ఆరేడు కిలోహెర్ట్జ్‌ల దగ్గర పనిచేస్తాయి. గ్యారెట్ ఏస్ 250 అనే బాగా అమ్ముడైన మోడల్‌ది 6.5 కిలోహెర్ట్జ్. అర్ధరూపాయంత నాణేనికి అది చక్కగా సరిపోతుంది. సగం గురివిందకు ఆ వేగం చాలదు. క్షేత్రం తాపీగా మారుతుంటే పలుకులో లేచే సుడి లెక్కలోకి రానంత బలహీనంగా ఉంటుంది. ఫిషర్ గోల్డ్ బగ్ ప్రో, గ్యారెట్ ఏటీ గోల్డ్ వంటివి 18, 19 కిలోహెర్ట్జ్‌ల మధ్యస్థ జాతి. మైన్‌ల్యాబ్ గోల్డ్ మాన్‌స్టర్ 1000 ఫ్రీక్వెన్సీ 45, గోల్డ్‌మాస్టర్ 24కేది 48, టర్కీ కంపెనీ నోక్టా తెచ్చిన గోల్డ్ క్రూజర్‌ది 61. ఫిషర్ గోల్డ్ బగ్ 2 ఏకంగా 71 కిలోహెర్ట్జ్ మీద నడుస్తుంది. బంగారానికే ప్రత్యేకించినవంటే ఇవి.

కానీ ఈ అంకెలను మోటారు హార్స్‌పవర్‌లా చదవకూడదు. 6.5 నుంచి 45కు వెళ్తే చిన్న బంగారం విషయంలో తేడా పగలూ రాత్రీ అంత. 45 నుంచి 71కు వెళ్తే ఉండే తేడా, కాయిల్‌ను నేలకు ఒక సెంటీమీటరు దగ్గరగా తిప్పడంతో పూడిపోయేంత. పైగా ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ తడి బంకమట్టి, ఉప్పు చవుడు లాంటి నేలల గోల కూడా పెరుగుతుంది. 40 కిలోహెర్ట్జ్‌ల గీత దాటాక ఫ్రీక్వెన్సీ అంకె చూసి యంత్రాన్ని ఎంచుకోవడం, తారీకు చూసి మామిడిపండు కొనడం లాంటిది.

మట్టి అడిగే ధర

1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ శరీరంలో చిక్కుకున్న తూటాను వెతకడానికి అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఇదే సూత్రం మీద ఒక పరికరం తయారుచేశాడు. ప్రయోగశాలలో పనిచేసిన ఆ పరికరం రోగి మంచం దగ్గర గందరగోళపు శబ్దాలు చేసింది. పరుపు కింద ఉక్కు స్ప్రింగులు ఉన్నాయని తర్వాత తెలిసింది. బంగారు వేటగాడి కష్టమూ అచ్చం అదే. వెతికే వస్తువు కన్నా కింద పరుచుకున్నది పెద్ద గొంతుతో మాట్లాడుతుంది.

విక్టోరియా, పశ్చిమ ఆస్ట్రేలియా బంగారు నేలల్లో ఎర్రమట్టి ఎక్కువ. అందులో మాగ్నెటైట్, మాగ్‌హెమైట్ అనే ఇనుప ఖనిజాల రేణువులు దండిగా ఉంటాయి. సూదంటురాయిని ఆ మట్టిలో ఆడిస్తే చీమల బారులా నల్లటి రజను పట్టుకుంటుంది. డిటెక్టర్‌కు ఆ నేలంతా ఒక పెద్ద లోహపు పలక లాగే వినిపిస్తుంది. సగం గురివింద చేసే చప్పుడు ఆ హోరులో ఎక్కడో ఉంటుంది. నేల హోరును తూకం వేసి కొట్టేసే ఏర్పాటునే గ్రౌండ్ బ్యాలెన్స్ అంటారు. చవక నాణేల డిటెక్టర్లలో అది ఫ్యాక్టరీలో బిగించి పంపిన ఒకే అమరిక. ఇసుక నేలకూ ఎర్ర నేలకూ అదే. బంగారానికి ఆ యంత్రాలు పనికిరాకపోవడానికి ఫ్రీక్వెన్సీ ఒక కారణమైతే ఇది రెండోది. నిజానికి ఇదే పెద్దది. గ్రౌండ్ బ్యాలెన్స్‌ను చేత్తో సర్దుకునే వీలు గానీ, నేలను బట్టి తనంతట తానే సర్దుకుంటూ పోయే గుణం గానీ లేని డిటెక్టర్ మీద ‘బంగారానికి’ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా అది బొమ్మ కిందే లెక్క.

గ్రౌండ్ బ్యాలెన్స్ ఉన్నా, పైన చెప్పుకున్నవాటిలా నిరంతరం ప్రసారం చేస్తూ ఉండే వీఎల్‌ఎఫ్ జాతి డిటెక్టర్లు మరీ వేడి నేలలో చేతులెత్తేస్తాయి. ‘వేడి నేల’ అన్నది ఎండ గురించి కాదు, ఇనుప ఖనిజం మోతాదు గురించి వేటగాళ్లు వాడే మాట. కాలిన ఇనుపరాయి ముక్కలు, వాళ్ల భాషలో హాట్ రాక్స్, అడుగడుక్కీ బంగారంలా మోగి ప్రాణం విసిగిస్తాయి. దీనికి విరుగుడు పల్స్ ఇండక్షన్ పద్ధతి. అది ఒక్కసారి క్షేత్రాన్ని కొట్టి ఆపేసి, నేల హోరు చల్లారాక లోహం గొంతు వింటుంది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ కేంద్రంగా ఉన్న మైన్‌ల్యాబ్ కంపెనీ, బ్రూస్ క్యాండీ అనే శాస్త్రవేత్త రూపకల్పనతో 1990ల నడుమ తెచ్చిన ఎస్‌డీ 2000తో ఈ దారి తెరుచుకుంది. పాతవాళ్లకు అందని లోతుల్లోంచి బంగారం బయటపడింది.

అయితే వినడానికి ఆగే ఆ క్షణంలోనే ఒక మెలిక ఉంది. తొలితరం పల్స్ యంత్రాలు ఓ పది మైక్రోసెకన్ల ప్రాంతంలో చెవి తెరిచేవి. సగం గురివింద సుడి అప్పటికే ఆరిపోయి ఉంటుంది. అంటే వేల డాలర్ల యంత్రం దాని మీదుగా నిశ్శబ్దంగా వెళ్లిపోతుంది. పెద్ద యంత్రాలతో జల్లెడ పట్టేసిన నేల అని అందరూ వదిలేసిన చోట ఫిషర్ గోల్డ్ బగ్ 2 లాంటి పాత, చవక, అధిక ఫ్రీక్వెన్సీ డిటెక్టర్లు ఇంకా పలుకులు ఏరుకోవడానికి కారణం ఇదే. ఎస్‌డీసీ 2300, 2021లో వచ్చిన జీపీఎక్స్ 6000 వంటి కొత్త పల్స్ యంత్రాలు ఈ లోపాన్ని చాలావరకు పూడ్చుకున్నాయి. వాటి ధర కూడా అందుకు తగ్గట్టే ఉంది. మొదటిది కొన్ని వేల డాలర్లు, రెండోది ఎనిమిది వేల ప్రాంతం. సగం గింజలు ఏరుకుని ఆ సొమ్ము రాబట్టుకోవాలంటే ఎన్ని ఆదివారాలు కావాలో ఎవరికి వారు లెక్క వేసుకోవలసిందే.

బండ ఎంత లోతులో ఉంది?

ఇక్కడ యంత్రాన్ని పక్కనపెట్టి నేల సంగతి చూడాలి. సంకేతం దూరంతో పాటు ఘోరంగా పడిపోతుంది. కాయిల్ నుంచి క్షేత్రం ముక్కను చేరేటప్పుడు ఒకసారి, ముక్క నుంచి జవాబు కాయిల్‌కు వచ్చేటప్పుడు ఇంకోసారి చిక్కిపోతుంది. కాయిల్ కొలతతో పోలిస్తే దూరం పెద్దదైనప్పుడు, లోతు రెట్టింపైతే సంకేతం సుమారు 64వ వంతు అవుతుంది. సగం గురివింద రెండంగుళాల లోతులో ఉంటే మంచి డిటెక్టర్‌కు అందుతుంది. అడుగు లోతులో ఉంటే ప్రపంచంలోని ఏ చేతి డిటెక్టర్‌కూ అందదు, ఎంత డబ్బు పోసినా. కాబట్టి చిన్న బంగారం అంటేనే పైపై బంగారం. లోతు కోసం డబ్బు పెట్టడం పెద్ద ముద్దల ఆశ ఉన్నవారి పని.

బంగారం బరువైనది, నీరు కదిలించిన ప్రతిసారీ కిందికి జారుతుంది. అడుగు బండ గానీ గట్టి బంకమట్టి పొర గానీ తగిలితే అక్కడ ఆగుతుంది. కాబట్టి ఆ బండ జానెడు లోతులోనే ఉన్న చోటు వెతుక్కుంటే చవక యంత్రం సరిపోతుంది. విక్టోరియాలో ఇలాంటి చోట్లకు కొదవ లేదు. 1850ల నాటి తవ్వకందార్లు కొన్ని వాలుల మీద పైమట్టినంతా చెక్కి, నీటి దగ్గరకు మోసుకెళ్లి కడిగారు. ఆ నేలలను ‘సర్ఫేసింగ్స్’ అంటారు. పైమట్టి పోయి మిగిలిన బంకమట్టి మీద, బండ పగుళ్లలో వాళ్ల పారకు తగలని పలుకులు చిక్కుకుని ఉన్నాయి. గడ్డి కూడా సరిగా మొలవని, చుట్టుపక్కల కన్నా ఓ జానెడు పల్లంగా ఉన్న వాలు కనిపిస్తే అది వాళ్లు చెక్కిన చోటు కావచ్చు. పాత గుంతల పక్కన పోసిన దిబ్బలు కూడా అలాంటివే. లోతులోని మట్టిని పాతవాళ్లే పైకి తెచ్చి పోశారు, ఇప్పటివాళ్లు ఆ లోతు తవ్వనక్కర్లేదు. ఆ గుంతలు మాత్రం చాలా చోట్ల మూతలేని బావులే. నడిచేటప్పుడు చెవి డిటెక్టర్ మీద ఉన్నా కన్ను నేల మీదే ఉండాలి.

నీరు చేరని గట్టుల మీద, పలుగురాయి సిరలు బయటపడ్డ చోట బంగారం రాతిలోనే ఉండొచ్చు. తేనెపట్టులా గుల్లగా, దారాల్లా ఉన్న బంగారం తూకానికి బాగానే ఉన్నా డిటెక్టర్‌కు పెద్దగా వినపడదు. సుడి తిరగడానికి లోహం అఖండంగా ఉండాలి. అదే తూకంలో గుండ్రటి పలుకు మోగుతుంది, గుల్ల ముక్క మూగగా ఉండిపోతుంది. ఇక నలుసులు, పొడి బంగారం సంగతైతే అది డిటెక్టర్ పనే కాదు, కడిగే పళ్లెం పని.

ఏది కొనాలి

బంగారం ఒక్కటే ధ్యేయం, నేల పైపైన బండ తగిలేది, బడ్జెట్ వెయ్యి నుంచి రెండు వేల ఆస్ట్రేలియా డాలర్లు అయితే, కొత్తగా దిగేవారికి గోల్డ్ మాన్‌స్టర్ 1000 దాదాపు మొదటి పేరు. 45 కిలోహెర్ట్జ్, గ్రౌండ్ బ్యాలెన్స్ తనంతట తానే సర్దుకుంటుంది, అయిదంగుళాల చిన్న కాయిల్ ఒకటి ఉంటుంది, నేర్చుకోవలసిన బొత్తాలు తక్కువ. దీని బలమే దీని బలహీనత కూడా. గ్రౌండ్ బ్యాలెన్స్‌ను చేత్తో సర్దే వీలు లేదు. నాలుగైదేళ్లు చేయి తిరిగినవారికి ఆ స్వేచ్ఛ లేకపోవడం చిరాకు పుట్టిస్తుంది. గోల్డ్‌మాస్టర్ 24కే ఆ స్వేచ్ఛ ఎక్కువ ఇస్తుంది. అమెరికాలోని వైట్స్ సంస్థ 2018లో తెచ్చిన ఈ మోడల్, ఆ సంస్థ 2020లో మూతపడ్డాక గ్యారెట్ పేరుతో కొనసాగింది. సెకండ్ హ్యాండ్‌లో రెండు పేర్లతోనూ కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు.

గోల్డ్ బగ్ 2 పాతకాలపు చేతి గడియారం లాంటిది. తెర లేదు, అంకెలు లేవు, గ్రౌండ్ బ్యాలెన్స్ అంతా చేత్తోనే. నేల మారినప్పుడల్లా సర్దుకోవాలి, మరిచిపోతే అదేమీ గుర్తు చేయదు. ఆ ఓపిక ఉన్నవారి చేతిలో సగం గింజకన్నా చిన్న పలుకులను కూడా పలికిస్తుంది. లేనివారి చేతిలో నెల తిరక్కుండా అటక ఎక్కుతుంది.

వాగుల్లో నీళ్లలోనూ వెతకాలనుకుంటే పూర్తిగా నీట మునిగినా పనిచేసే గోల్డ్ క్రూజర్ వైపు చూడొచ్చు. 18, 19 కిలోహెర్ట్జ్ యంత్రాలు చవకలో చవక. గింజ ఎత్తు దాటిన పలుకులకు చక్కగా పనిచేస్తాయి, సగం గింజ దగ్గర తడబడతాయి. కొన్ని వందల డాలర్లే మిగిలేదైతే ఈ రాజీ తప్పు కాదు.

ఇంట్లో ఒకరికి బంగారం మీద, ఇంకొకరికి సముద్రతీరంలో పోయిన ఉంగరాల మీద మోజు ఉంటే లెక్క మారుతుంది. అనేక ఫ్రీక్వెన్సీలను ఒకేసారి వాడే ఈక్వినాక్స్ 800, తర్వాత వచ్చిన 900 లాంటివి రెండు పనులూ చేస్తాయి. 2023 నాటి వార్తలోని యంత్రం ఈ కుటుంబానిదే. ఒక్క జాగ్రత్త: అదే వరుసలో చవగ్గా దొరికే 600, 700 మోడళ్లలో బంగారం కోసం ప్రత్యేకించిన అమరిక లేదు. చూడ్డానికి అన్నీ ఒక్కలాగే ఉంటాయి, పేరు చివరి అంకెలో ఉంది తిరకాసు.

యంత్రం కన్నా ఎక్కువ తేడా చూపేది కాయిల్. పెద్ద కాయిల్ తిప్పితే నేల తొందరగా పూర్తవుతుందని, లోతుకు వెళ్తుందని అనిపిస్తుంది. చిన్న బంగారానికి అది పనికిరాని ఆశ. పన్నెండు అంగుళాల కాయిల్ క్షేత్రం విశాలంగా పరుచుకుని పలుచనైపోతుంది. అది పట్టే మట్టి ఎక్కువ, అందులో పలుకు వాటా తక్కువ. అయిదారు అంగుళాల కాయిల్ అయితే తక్కువ మట్టిని గట్టిగా వింటుంది, పొదల మొదళ్లలోకి, రాళ్ల సందుల్లోకి దూరుతుంది. రెండు కాయిళ్లతో వచ్చే సెట్టుకు కొద్దిగా ఎక్కువ పెట్టడం, పెద్ద మోడల్‌కు ఎగబాకడం కన్నా తెలివైన ఖర్చు.

ఇక తిప్పే తీరు. ఇల్లు అలికే చేయి నేలను వదలనట్టు కాయిల్ నేలను రాసుకుంటూ పోవాలి. చివర్లలో పైకి లేవకూడదు. ఒక్కో విసురుకు కాయిల్ సగం మేర మునుపటి దారి మీదే పడాలి. అప్పుడు పలుకు తగిలితే చెవిలో సన్నగా సాగే నేపథ్య ధ్వని ఒక్కచోట చిన్నగా తెగి మళ్లీ అతుక్కుంటుంది. కోరిక పుట్టి చెవి కల్పించుకుందేమో అనిపించేంత చిన్నది. బూటు అంచుతో అక్కడ అర అంగుళం మట్టి గీకి మళ్లీ తిప్పాలి. నేల చేసిన చప్పుడైతే మాయమవుతుంది, లోహమైతే ఇంకాస్త స్పష్టమవుతుంది. గీకిన మట్టి కుప్పలోకి చప్పుడు మారితే లోహం బయటికి వచ్చేసినట్టే. అప్పుడు ప్లాస్టిక్ గరిటతో ఆ మట్టి ఎత్తి, కాయిల్‌ను నేల మీద వెల్లకిలా పెట్టి, దాని ముందు గరిట ఆడించాలి. మోగితే సగం మట్టి అరచేతిలోకి ఒంపి గరిటను మళ్లీ ఆడించాలి. మోగని సగాన్ని పారబోస్తూ, మోగే సగాన్ని సగం చేస్తూ పోతే చివరకు చిటికెడు మట్టి మిగులుతుంది. దాన్ని కాయిల్ మీదే చల్లి వేలితో కదిపితే ఎక్కడ కదిపినప్పుడు మోగిందో అక్కడ ఉంటుంది. ఈ తతంగానికి ముందు చేతి ఉంగరం, వాచీ తీసేయాలి. గాజుల చేయి, స్టీలు కడియం ఉన్న చేయి గరిట పట్టుకుంటే ప్రతి పిడికెడు మట్టీ బంగారమే.

తీరా కనిపించేది పదిసార్లలో తొమ్మిదిసార్లకు పైగా బంగారం కాదు. వేటగాళ్ల తుపాకీ సీసపు గుండు, పాత బూటు మేకు, సీసా మూత, రేకు తునక, తుప్పు తీగ. ఇక్కడే కొత్తవారు లోహాన్ని గుర్తుపట్టే అమరికను ఆశ్రయిస్తారు. తెర మీద అంకె చూపి ఇది ఇనుము, ఇది రేకు, ఇది వెండి అని చెప్పే సౌకర్యం నాణేల వేటలో వరమే. చిన్న బంగారంలో అదే శాపం. సగం గురివింద ఇచ్చే జవాబు రేకు తునక జవాబుతో, సీసపు గుండు జవాబుతో కలిసిపోతుంది. ఇనుప ఖనిజం దట్టంగా ఉన్న నేలలో ఇనుము కింద కూడా నమోదవుతుంది. చెత్తను వదిలేయమని చెబితే యంత్రం బంగారాన్నీ వదిలేస్తుంది, పైగా ఆ సంగతి చెప్పదు. కాబట్టి మోగిన ప్రతిదాన్నీ తవ్వాలి. అంత ఓపిక లేనివారికి ఏ డిటెక్టరూ చవక కాదు. సీసపు గుండ్లు పడ్డ చోటు మంచి గుర్తు కూడా. అంత చిన్న సీసం దొరికిందంటే యంత్రం అంత చిన్న బంగారాన్నీ వినగలిగే స్థితిలో ఉంది.

ఆ గుండుతోనే కొనే ముందు పరీక్ష చేయొచ్చు. రెండు మిల్లీమీటర్ల సీసపు గుండును పాత విజిటింగ్ కార్డుకు అంటించి జేబులో పెట్టుకెళ్తే చాలు. గాలిలో కార్డు ఆడించి చూపే పరీక్షను నమ్మకూడదు. గాలిలో మట్టి హోరు ఉండదు. కార్డును నిజమైన ఎర్రమట్టి మీద పెట్టి, పైన ఒకటి రెండు అంగుళాల మట్టి కప్పి, కాయిల్‌ను మామూలు వేగంతో తిప్పాలి. సెకండ్ హ్యాండ్ యంత్రమైతే కాయిల్ అంచును వేలితో తట్టి చూడాలి, తీగ కాయిల్‌లోకి దిగే చోట అటూ ఇటూ వంచి చూడాలి. తట్టినా వంచినా కేక వేస్తే కాయిల్ పోయినట్టే, కొత్త కాయిల్ ధర కలుపుకుని బేరమాడాలి. కాయిల్ కింది ప్లాస్టిక్ తొడుగు ఊడదీస్తే లోపల నల్లటి ఇనుప ఇసుక కనిపించడం మామూలే. దాన్ని తుడిచేస్తే కొన్ని ‘పాడైన’ యంత్రాలు అక్కడికక్కడే బాగుపడతాయి.

పేరున్న మోడళ్లకు నకిలీలు ఉన్నాయి. ధర మరీ సగానికి పడిపోయిందంటే సందేహించాలి, తయారీదారు వెబ్‌సైట్‌లో సీరియల్ నంబరు సరిచూసుకోవాలి. అంతకన్నా పెద్ద మోసం ఇంకొకటి ఉంది. రెండు యాంటెన్నాలు, ఒక పిడి, కిలోమీటరు దూరం నుంచి బంగారాన్ని ‘లాగే’ యంత్రమని గుప్త నిధుల ఆశపరులకు అమ్మేది. సుడి ప్రవాహాల లెక్కలో రెండంగుళాలకే కష్టపడే సంకేతం కిలోమీటరు రాదు. ఇలాంటి యాంటెన్నా పిడినే బాంబు డిటెక్టర్‌గా ఇరాక్‌కు అమ్మిన జేమ్స్ మెక్‌కార్మిక్‌కు 2013లో బ్రిటన్ కోర్టు పదేళ్ల జైలు వేసింది.

చట్టం సంగతికి వస్తే విక్టోరియాలో మైనర్స్ రైట్ అనే అనుమతి పత్రం ఉండాలి. చిన్న రుసుము, పదేళ్లు చెల్లుతుంది. తవ్వకందార్ల మీద లైసెన్సు రుసుము రుద్దినందుకు 1854 చివర బల్లారట్‌లో యురేకా తిరుగుబాటు రేగాక, మరుసటి ఏడు పుట్టిన హక్కు అది. జాతీయ పార్కుల్లో చాలావరకు నిషేధం, ప్రైవేటు భూమిలో యజమాని ఒప్పుకోవాలి, తవ్విన గుంత పూడ్చాలి, యంత్రాలతో కాక చేతి పనిముట్లతోనే తవ్వాలి. మెల్‌బోర్న్ నుంచి బల్లారట్ గంటన్నర ప్రయాణం. అక్కడి తెలుగు కుటుంబాలు పిల్లలకు సోవరిన్ హిల్ అనే పాత గని ఊరి మ్యూజియం చూపించడానికి ఎలాగూ వెళ్తుంటాయి, కాబట్టి ఈ సరదా వారికి దూరమైనదేమీ కాదు.

ఆ యంత్రాన్ని సూట్‌కేసులో పెట్టుకుని కర్నూలుకో అనంతపురానికో తెచ్చే ఆలోచన మాత్రం మానుకోవడం మంచిది. ఇక్కడ ఖనిజం ప్రభుత్వ అనుమతి లేకుండా తవ్వేది కాదు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేలలో దాగి దొరికిన పది రూపాయలకు మించిన విలువైన వస్తువేదైనా కలెక్టర్‌కు తెలియజేయాలి. పాత గుళ్లు, కోటల చుట్టూ డిటెక్టర్ తిప్పితే గుప్త నిధుల కేసులో ఇరుక్కుంటారు. చట్టం సరే, నేల కూడా సహకరించదు. జొన్నగిరి, రామగిరి బంగారం రాతిలో కంటికి ఆనని నలుసులుగా, టన్నుకు గ్రాముల లెక్కన ఉండేది. దాన్ని రాయి పొడి చేసి, రసాయనాలతో తీయాలి తప్ప ఏరుకోలేరు. తుగ్గలి, వజ్రకరూరు చేలలో తొలకరి వానల తర్వాత జనం నడుం వంచి వెతికేది బంగారాన్ని కాదు, వజ్రాలను. వజ్రంలో విద్యుత్తు పారదు, సుడి తిరగదు. ఎనిమిది వేల డాలర్ల డిటెక్టర్ దాని మీదుగా వెళ్లినా కిక్కురుమనదు. ఆ చేలలో మోగేదల్లా ఎద్దు నాడా మేకులు, సోడా మూతలు.